రాత్రంతా గురక పెట్టాడన్నారు

సంపాదకులు గారికి,

నమస్కారం. జిల్లా పేజీలో 'అనుమానాస్పద స్థితిలో యువకుడి మృతి' అని అప్పుడప్పుడూ మూడు లైన్ల వార్త కనిపిస్తుంది. అలాంటి చావు ఒకటి మా వీధిలో జరిగింది. దానికి ఆ మూడు లైన్లు కూడా దక్కలేదు. అందుకే ఈ ఉత్తరం రాస్తున్నాను.

నేను తిరుపతి కొర్లగుంట ప్రాంతంలో 26 ఏళ్లుగా మందుల షాపు నడుపుతున్నాను. డి.ఫార్మసీ చదివాను, లైసెన్సు నా పేరు మీదే ఉంది. మా ఆయన లెక్కలు చూసుకుంటారు, కౌంటరు దగ్గర నేనుంటాను. ఎవరికి షుగరు పెరిగిందో, ఎవరు బీపీ మాత్రలు మధ్యలో ఆపేశారో, ఎవరింట్లో పసిబిడ్డకు విరేచనాలో అన్నీ నాకు తెలుస్తాయి. చనిపోయిన పిల్లవాడు వాళ్ల అవ్వ చంకనెక్కి పాలడబ్బా కోసం మా షాపుకొచ్చిన రోజు కూడా నాకు గుర్తుంది. వీధి పేరు రాయను. రాస్తే ఇల్లు తెలిసిపోతుంది, ఆ ఇంట్లో పెళ్లి కావాల్సిన ఆడపిల్ల ఉంది.

వాడికి 19 ఏళ్లు. తండ్రి లేడు. తల్లి ఒక కల్యాణ మండపంలో గిన్నెలు తోముతుంది. పదో తరగతి కాగానే వాడు క్యాటరింగ్ పనికి పోయాడు. తిరుపతిలో ముహూర్తాల నెల ఎలా ఉంటుందో మీకు చెప్పనక్కరలేదు. పొద్దున ఒక మండపంలో, సాయంత్రం ఇంకో మండపంలో వడ్డన. తెల్లవారుజామున నాలుగింటికి టిఫిన్ల బంతితో మొదలైతే, రిసెప్షన్ భోజనాలు అయిపోయి అండాలు కడిగి బండికెక్కించేసరికి రాత్రి ఒంటిగంట. సాంబారు బకెట్టు పట్టుకొని వందల ఆకుల ముందు వంగి లేస్తుంటే నడుము ఏమవుతుంది? పదహారేళ్లకే నడుము నొప్పా అని పెద్దవాళ్లు నవ్వేవాళ్లు. వాడికి నిజంగానే నొప్పి ఉండింది. మొదట్లో నా దగ్గరే పారాసెటమాల్, పూత మందు కొనేవాడు. "ఎముకల డాక్టరుకు చూపించుకోరా" అంటే, "ఓపీలో నిలబడితే ఒక రోజు కూలి పోతాదక్కా" అనేవాడు. కొన్నాళ్లకు కొనడం మానేశాడు. తగ్గిపోయిందిలే అనుకున్నాను.

తగ్గలేదు. పనిలో పెద్దవాడొకడు చేతిలో ఒక మాత్ర పెట్టాడు. టాపెంటాడాల్. నల్లమందులాగే పనిచేసే నొప్పి మందు అది. భరించలేని నొప్పికి డాక్టరు చీటీ మీదే ఇవ్వాలి. మింగితే నొప్పితో పాటు అలసట, దిగులు కూడా పోయినట్టు ఉంటుంది. కొన్నాళ్లు వరసగా వాడితే, అది లేని రోజున ఒళ్లు విరిచేస్తుంది, ముక్కు కారుతుంది, కడుపు తిప్పుతుంది. అప్పుడిక సరదా కోసం కాదు, పనికి లేచి పోవడానికే మాత్ర కావాలి. ఆ మాత్రలు ఎక్కడి నుంచి వస్తున్నాయంటే సిగ్గుపడి చెబుతున్నాను: కొంత మా మందుల వ్యాపారం చేసేవాళ్ల చేతుల మీదుగానే. చీటీ లేకుండా, బిల్లు లేకుండా, షీటు ధరకు ఐదారు రెట్లకు.

ఏడాది తిరిగేసరికి వాడూ, వాడితో పనిచేసే పిలకాయలూ మాత్రను నూరి, నీళ్లలో కలిపి నరానికి ఎక్కించుకుంటున్నారు. మాత్ర గట్టిగా నిలవడానికి కలిపే సుద్దలాంటి పొడులు నీళ్లలో కరగవు. అవి రక్తనాళాల్లో చిక్కుకొని పుండ్లు చేస్తాయి, ఊపిరితిత్తులను పాడుచేస్తాయి.

ఒక రాత్రి తొమ్మిదిన్నరకు షట్టరు దించబోతుంటే వచ్చాడు. "అక్కా, ఇన్సులిన్ సిరంజిలు రెండు ఇయ్యక్కా" అన్నాడు. ఎవరికిరా అంటే తల దించుకున్నాడు. చొక్కా చేతులు మడిచి ఉన్నాయి. మోచేతి మడత దగ్గర బొగ్గుతో గీసినట్టు నల్లటి గీత. నాకు ఒళ్లు మండింది. నోటికొచ్చినట్టు తిట్టి పంపేశాను. లైసెన్సు ఉన్న మనిషిగా నా ధర్మం నేను చేశానని ఇంటికెళ్లి పడుకున్నాను. వాడి తల్లికి చెప్పలేదు. ఎక్కడికి పోతే చికిత్స దొరుకుతుందో వాడికీ చెప్పలేదు. నేను సిరంజి ఇవ్వకపోతే పక్కవాడు వాడిందే వాడతాడని, హెచ్ఐవీ, హెపటైటిస్ సి అలాగే పాకుతాయని కూడా ఆ క్షణంలో తట్టలేదు. జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ (నాకో) ఇలాంటివాళ్లకు కొత్త సూదులు ఇచ్చే కార్యక్రమం ఎందుకు నడుపుతోందో చదివి తెలిసినదాన్నే. అయినా తిట్టాను.

చివరికి తల్లికి తెలిసింది. కమ్మలు తాకట్టు పెట్టి, మండపం మేనేజరు దగ్గర అప్పు తీసుకొని, వాణ్ని ఒక ప్రైవేటు కేంద్రంలో 45 రోజులు పెట్టింది. తిరిగొచ్చిన వాణ్ని నేను చూశాను. బుగ్గలు నిండాయి, చేతి మీద గీతలు మానాయి. షాపు ముందు ఆగి "బాగున్నావా అక్కా" అని అడిగాడు. ఆమె గోవిందరాజస్వామి గుడికి తీసుకెళ్లి గుండు కొట్టించింది.

పదో రోజు ముహూర్తం. పనికి పోయాడు. రాత్రి పన్నెండున్నరకు ఇద్దరు స్నేహితులు బండి మీద మధ్యలో కూర్చోబెట్టుకొని తెచ్చి చాప మీద పడుకోబెట్టారు. "అలిసిపోయినాడు పిన్నమ్మా, లేపొద్దు" అని చెప్పి వెళ్లిపోయారు. తెల్లవారి ఐదింటికి ఆమె టీ తెచ్చి చూస్తే పెదవులు నీలంగా ఉన్నాయి. 108 వచ్చేసరికి ఒళ్లు చల్లబడిపోయింది.

దినాలు అయ్యాక ఆమె తన బీపీ మాత్రల కోసం వచ్చింది. కౌంటరు మీద చేతులు పెట్టి నిలబడి చెప్పింది: "రాత్రంతా గురక పెట్నాడమ్మా. ఇంత గురక ఎప్పుడూ లేదు. ఇన్నాళ్లకు నా బిడ్డకు నిద్ర పట్టింది గదా అని ఫ్యాను వాడి దిక్కు తిప్పి పెట్నా."

సంపాదకులు గారూ, ఆ గురక నిద్ర కాదు. ఈ జాతి మందు మోతాదు మించితే మెదడులో ఊపిరిని నడిపే భాగం మందగిస్తుంది. గొంతు కండరాలు వదులైపోయి, గాలి కష్టం మీద లోపలికి పోతూ గురకలా, గుడగుడలా వినిపిస్తుంది. నిమిషానికి పదిహేను సార్లు ఆడాల్సిన ఊపిరి ఆరుకు, నాలుగుకు పడిపోతుంది. కంటిపాప సూదిమొనంత అవుతుంది. పెదవులు, గోళ్లు నీలమవుతాయి. పిలిచినా గిల్లినా లేవరు. ఆ తల్లి గురక విన్నంత సేపూ వాడు బతికే ఉన్నాడు. కాపాడడానికి గంటల సమయం ఉండింది. ఆమె పక్కనే ఉంది, మెలకువగా ఉంది. ఆమెకు ఎవరూ చెప్పలేదు, అంతే.

చెప్పనిది ఇంకొకటి ఉంది. మందు మానేసి ఉన్న రోజుల్లో ఒళ్లు దాని అలవాటును మరిచిపోతుంది. ఇదివరకు తట్టుకున్న మోతాదే, నెలన్నర ఆపి మళ్లీ తీసుకుంటే ప్రాణం తీస్తుంది. చికిత్సా కేంద్రం నుంచి, జైలు నుంచి బయటికొచ్చిన మొదటి వారాలే అన్నిటికన్నా ప్రమాదకరమని ఈ వైద్యం తెలిసినవాళ్లందరికీ తెలుసు. 45 రోజులకు డబ్బు కట్టించుకున్నవాళ్లు డిశ్చార్జి రోజున ఈ ఒక్క మాట ఆమెతో అనలేదు. బిడ్డ బాగయ్యాడని చెప్పి పంపారు. ఆమె నమ్మింది, నేనూ నమ్మాను.

నాలోక్సోన్ అనే ఇంజక్షన్ ఉంది. ఇది రెండు మూడు నిమిషాల్లో ఆ మందు పట్టు వదిలించి ఊపిరి తెప్పిస్తుంది. ఆ జాతి మందు ఒంట్లో లేని మనిషికి పొరపాటున ఇచ్చినా హాని లేదు. దాని ప్రభావం గంటా గంటన్నర లోపు తగ్గిపోతుంది కాబట్టి ఆసుపత్రికి తీసుకెళ్లడం మాత్రం తప్పదు. మన జాతీయ అత్యావశ్యక మందుల జాబితాలో ఇది ఉంది. మోతాదు మించడం కళ్లెదుట చూసే అవకాశం ఉన్నవాళ్లకు, అంటే తల్లికి, అన్నకు, స్నేహితుడికి, ఈ మందు అందుబాటులో ఉంచి వాడకం నేర్పాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2014లోనే చెప్పింది. వాడు పోయాక నేను మా స్టాకిస్టును అడిగాను. "అది పెద్దాసుపత్రులకు పోయే సరుకమ్మా, రెండు ఆంపూళ్లకు ఎవరు ఆర్డరు పెడతారు" అన్నాడు. మా వీధిలో పాము కరిస్తే ఏం చేయాలో పిల్లలు కూడా చెబుతారు. దీని పేరు తెలిసినవాళ్లు నాకు ఇంకొకరు కనబడలేదు.

ఆ పిల్లవాడి చావు గుండెపోటుగా మిగిలిపోయింది. మేనమామ "గుండెపోటని చెప్పండి, ఆడపిల్ల ఉంది ఇంట్లో" అన్నాడు. పోలీసుల దాకా పోలేదు, పోస్టుమార్టం లేదు. నేనూ నోరు మెదపలేదు. జాతీయ నేర రికార్డుల బ్యూరో లెక్కలో 2022లో దేశం మొత్తం మీద ఇలా మోతాదు మించి చనిపోయినవాళ్లు 681 మంది. అదే ఏడాది అమెరికాలో లక్షా ఏడు వేలు దాటారు. వాళ్ల దగ్గర మందు వేరు, వ్యాప్తి వేరు, ఒప్పుకుంటాను. కానీ మన దేశంలో నల్లమందు జాతి మత్తు వాడేవాళ్లు 2.26 కోట్ల మంది అని ఎయిమ్స్ వాళ్లు చేసి 2019లో బయటపెట్టిన సర్వే చెప్పింది. అందులో 681 మందేనా? 2020లో దేశంలో నమోదైన మరణాల్లో డాక్టరు కారణం ధ్రువీకరించినవి 22.5 శాతమే. మిగతావాళ్లు దేనితో పోయారో ఇంటివాళ్లు చెప్పిందే. మా వీధిలో అది గుండెపోటు.

అమెరికా మాట ఎందుకు ఎత్తానంటే, అక్కడ లెక్క ఉంది కాబట్టి తేడా బయటపడింది. 2019తో పోలిస్తే 2020లో ఈ చావులు తెల్లవాళ్లలో 22 శాతం పెరిగితే నల్లజాతివాళ్లలో 44 శాతం పెరిగాయని వాళ్ల వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ తేల్చింది. 65 ఏళ్లు దాటిన నల్లజాతి మగవాళ్లలో మరణాల రేటు అదే వయసు తెల్లవాళ్లకు దాదాపు ఏడు రెట్లు. అలా చనిపోయిన నల్లజాతివాళ్లలో అంతకుముందు ఎప్పుడైనా చికిత్స అందిన ఆనవాలు ఉన్నది 12 మందిలో ఒకరికే. మన దగ్గర ఏ వీధిలో, ఏ పని చేసేవాళ్లు, ఏ కులంవాళ్లు పోతున్నారో అడిగితే చూపించడానికి కాగితం లేదు. నా దగ్గర ఉన్నది 26 ఏళ్లు కౌంటరు వెనక నిలబడిన అనుభవం. అది చెబుతుంది: మాత్రకు అలవాటు పడినవాళ్లు అన్ని రకాల ఇళ్లలోనూ ఉన్నారు. చచ్చిపోతున్నది గిన్నెలు తోమేవాళ్ల బిడ్డలు, ఆటోవాళ్ల బిడ్డలు, చెత్త ఏరుకునేవాళ్ల బిడ్డలు.

ఇదే పరిస్థితిలో ఉండిన ఇంకో అబ్బాయి నాకు తెలుసు. వివరాలేమీ రాయను. వాళ్లకు ఆస్తి ఉంది, కారుంది. చెన్నైలో సైకియాట్రిస్టు దగ్గర చూపిస్తున్నారు. మళ్లీ మందు జోలికి పోయినా మత్తు ఎక్కనివ్వని మాత్ర ఒకటి రోజూ వేసుకుంటాడు. ఆ చీటీ నా దగ్గరికే వస్తుంది, నెలకు రెండు వేల రూపాయలు దాటుతుంది. వాళ్ల నాన్న ఎదురుగా నిలబడి మింగిస్తాడు. అబ్బాయి కాలేజీకి పోతున్నాడు, వెయ్యేళ్లు బతకాలి. ఇద్దరిదీ ఒకే మందు, ఒకే వయసు. ఒక తండ్రికి రోజూ ఎదురుగా నిలబడే తీరిక ఉంది. ఒక తల్లికి తెల్లవారి ఆరింటికి మండపంలో గిన్నెలు ఎదురుచూస్తుంటాయి. నిషేధిత మత్తుమందులకు బానిసలైనవాళ్లలో ఆసుపత్రిలో చేరి చికిత్స పొందినవాళ్లు 20 మందిలో ఒకరేనని ఆ 2019 సర్వేనే చెప్పింది. ఆ ఒక్కరు ఎవరింటి బిడ్డో ఊహించడం కష్టం కాదు.

ఆ ఇద్దరు స్నేహితుల మీద నాకు మొదట్లో చాలా కోపం ఉండింది. తర్వాత ఒకణ్ని కూర్చోబెట్టి అడిగాను. "ఆస్పత్రికి తీసుకపోతే పోలీసులొస్తారని భయపడ్డామక్కా" అని ఏడ్చాడు. వాడికి పద్దెనిమిదేళ్లు. రోడ్డు ప్రమాదంలో పడినవాణ్ని ఆసుపత్రికి చేర్చినవాళ్లను వేధించకూడదని మోటారు వాహనాల చట్టంలో 2019 సవరణతో 134ఎ సెక్షన్ తెచ్చారు. మత్తు మోతాదు మించినవాణ్ని మోసుకొచ్చిన స్నేహితుడికి అలాంటి అండ ఏదీ లేదు. మత్తుమందుల నియంత్రణకు తెచ్చిన 1985 నాటి ఎన్డీపీఎస్ చట్టంలోనే 64ఎ అని ఒక సెక్షన్ ఉంది. కొద్ది మొత్తంతో పట్టుబడిన వ్యసనపరుడు తనంతట తాను చికిత్సకు వస్తే కేసు విచారణ నుంచి మినహాయింపు ఇస్తుంది. ఆ సంగతి ఎంతమందికి తెలుసు? కాలేజీల్లో ర్యాలీలు చేయిస్తున్నారు, ప్రతిజ్ఞలు చేయిస్తున్నారు. ప్రతి గోడ మీదా '1972కు సమాచారం ఇవ్వండి' అని ఉంది. అది మత్తుమందుల మీద నిఘా పెట్టే ఈగల్ పోలీసుల ఫోన్ నంబరు. వాళ్ల పని వాళ్లు చేయాల్సిందే, అమ్మేవాళ్లను పట్టుకోవాల్సిందే. కానీ అర్ధరాత్రి బిడ్డ గురక పెడుతుంటే ఏ తల్లి పోలీసు నంబరుకు ఫోన్ చేస్తుంది? వ్యసనం మాన్పించే సలహాకు 14446 ఉంది. మనసు బాగాలేనప్పుడు ఏ వేళలోనైనా మాట్లాడడానికి టెలి మానస్ 14416 ఉంది. వాటిని కూడా అదే గోడ మీద, అంతే పెద్ద అక్షరాలతో రాయించండి.

పత్రికలవాళ్లతో ఒక మాట. ఎవరు దొరికినా 'గంజాయి బ్యాచ్' అని రాస్తున్నారు. గంజాయి మంచిదని నేను అనను, దానితో మతి చెడినవాళ్లను చూశాను. కానీ ఊపిరి ఆపేది ఈ మాత్రలు. రెండిటినీ ఒకే గాటన కట్టడం వల్ల, మా వాడు గంజాయి ముట్టడు కదా, మాత్రలే కదా అని ధైర్యంగా ఉన్న తల్లులు ఉన్నారు. పైగా 'బ్యాచ్' అన్నాక ఏ ఇంటివాళ్లు బయటికొచ్చి ఇది మా బిడ్డ అని చెప్పుకుంటారు?

రైల్వే స్టేషన్ చుట్టుపక్కల గుడ్డలో పంక్చరు సొల్యూషన్ పోసుకొని పీల్చే చిన్న పిల్లల గురించి కూడా చెప్పాలి. దేశంలో అలా పీల్చే అలవాటు నుంచి బయటపడేందుకు సాయం కావాల్సిన పిల్లలు 4.6 లక్షల మంది అని ఆ సర్వే అంచనా. వాళ్లను చూస్తే మనవాళ్లు కర్రెత్తి తరుముతారు. దయచేసి తరమకండి. ఆ ఆవిరి ఒంట్లో ఉన్నప్పుడు గుండె చాలా సున్నితంగా ఉంటుంది. ఉలిక్కిపడి పరుగెత్తితే గుండె లయ తప్పి అక్కడికక్కడే ఆగిపోవచ్చు. పక్కన కూర్చోబెట్టి, మెల్లగా ఆ గుడ్డ తీసుకొని, గాలి ఆడేచోట ఉంచాలి. వాళ్లకు సొల్యూషన్ అమ్మే పెద్దమనుషులను మాత్రం వదలకండి.

కలెక్టరు గారిని, జిల్లా వైద్యాధికారులను మీ పత్రిక ద్వారా అడుగుతున్నాను. 108 వాహనాల్లో నాలోక్సోన్ ఎప్పుడూ ఉండేలా చూడండి. ప్రతి మండలంలో ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనైనా దాన్ని ఉంచి, ఆశా కార్యకర్తలకు, మాలాంటి షాపులవాళ్లకు వాడకం నేర్పండి. నేర్పితే నా షాపులో పెట్టుకోవడానికి నేను సిద్ధం, లాభం అక్కరలేదు. చికిత్సా కేంద్రం ఏదైనా సరే, ప్రభుత్వానిదైనా ప్రైవేటుదైనా, బిడ్డను ఇంటికి పంపే రోజున పాత మోతాదు ప్రాణం తీస్తుందనే సంగతి తల్లిదండ్రులకు తెలుగులో చెప్పి, కాగితం చేతికివ్వాలని ఆదేశించండి. కూలికి పోయేవాళ్ల నడుము నొప్పికి సాయంత్రం ఆరు తర్వాత చూసే ఓపీ ఒకటి పెట్టండి. ఆ పిల్లవాడు మొదట వెతుక్కున్నది మత్తును కాదు, నొప్పికి మందును. మా షాపులను తనిఖీ చేయండి. నాతోనే మొదలుపెట్టండి, రిజిస్టరు తెరిచి పెడతాను.

ఈలోగా నేను చేయగలిగింది చేశాను. కౌంటరు పక్కన, చిన్నపిల్లల పాలడబ్బాల అర కింద తెల్లకాగితం మీద స్కెచ్ పెన్నుతో రాసి అంటించాను: పిలిచినా లేవకుండా వింత గురక వస్తుంటే, పెదవులు నీలమైతే అది నిద్ర కాదు. వెంటనే 108. ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టండి. ఊపిరి ఆగితే తల వెనక్కి వంచి, ముక్కు మూసి, నోటితో ఐదు సెకన్లకొకసారి ఊదండి. ఒంటరిగా వదలొద్దు. మొన్న ఆ తల్లి ఆ కాగితాన్ని వేలితో కూడబలుక్కుంటూ చదివింది. ఆమెకు చదువు అంతగా రాదు. 'గురక' అనే మాట దగ్గర ఆగి, "ఇంకా పెద్దగా రాయమ్మా" అంది. రాశాను.

మీ విలేకరి ఎవరైనా వస్తామంటే మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా షాపు ఖాళీగా ఉంటుంది. ఆమె కూడా మాట్లాడతానంది. పేరు, ఫొటో వద్దంది. మండపంలో పని లేని రోజు చూసుకొని రావాలి.

ఇట్లు,
ఒక ఫార్మసిస్టు,
కొర్లగుంట, తిరుపతి.